ఎడమవైపు చూస్తే కన్ను చీకటవుతోంది

ప్రశ్న:

రాయగడ జిల్లా గుణుపురం దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 43. భార్యాభర్తలిద్దరూ కలిసి కిరాణా కొట్టు నడుపుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, సంతరోజున నాలుగు సవర మాటలు. ఒక్కతే కూతురు. పాలకొండ వైపు సంబంధం కుదిరింది, పెళ్ళి ఇంకో నాలుగు నెలల్లో.

రెండేళ్ళుగా ఎడమ కంటి అద్దం నంబరు మారుతూ వస్తోందట. మొదట ప్లస్ 0.75 ఉండేది, మూడుసార్లు అద్దాలు మార్చాక ఇప్పుడు ప్లస్ 2.50 అయింది. కుడి కన్ను మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పోయిన సంక్రాంతికి తీసిన ఫొటో చూసి ఆడపడుచు "వదినా, నీ ఎడం కన్ను ఏటి పెద్దదిగా కనపడతంది?" అన్నదట. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే బాగానే ఉంది. ఎనిమిది నెలల కిందట విశాఖపట్నంలో ఎమ్మారై తీస్తే, ఎడమ కంటి వెనక కండరాల మధ్య, చూపు నరానికి బయటివైపున, 21×17 మిల్లీమీటర్ల గడ్డ ఉందని తేలింది. రిపోర్టులో 'కావెర్నస్ హీమాంజియోమా' అని రాశారు. అక్కడి డాక్టరు, "ఇది కేన్సర్ కాదు, చూపు బాగుంది, తొందరేం లేదు, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి" అన్నారు. వీళ్ళు "ఏం పర్లేదట" అనుకుని మళ్ళీ వెళ్ళలేదు.

పోయిన నెల భువనేశ్వర్‌లో ఇంకో డాక్టరుకు చూపించారు. కన్ను ఎంత ముందుకొచ్చిందో స్కేలు పెట్టి కొలిచారట. విశాఖలో కుడి 16, ఎడమ 19 ఉన్నది ఇప్పుడు కుడి 16, ఎడమ 21. రంగుచుక్కల పుస్తకంలో ఎడమ కన్నుతో రెండు పేజీలు చదవలేకపోయారు. ఇంకో పరీక్షకు మర్నాడు రమ్మంటే, రైలు టికెట్టు ఉందని వచ్చేశారు. "ఆపరేషన్ చేయించుకోవడం మంచిది, చూపుకు కొంత రిస్కు ఉంటుంది" అని ఆ డాక్టరు అన్న దగ్గర్నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. భర్త పెళ్ళిలోపే చేయించేద్దామంటున్నారు. అత్తగారు పెళ్ళయ్యేదాకా ఈ మాట గడప దాటకూడదంటున్నారు. విశాఖలో ఉండే తమ్ముడు కత్తి పెడితే గడ్డ రేగుతుందని, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలెయ్యమని పోరుతున్నాడు. పక్క ఊళ్ళో ఒకాయన పసరు చుక్కలు వేస్తానన్నాడు. ఎదురింట్లో పసిపాపకు కనురెప్ప మీద ఎర్రటి గడ్డ సిరప్‌తోనే కరిగిపోయిందట. "ఆ పాప చీటీలో కూడా హీమాంజియోమా అనే రాశారు. మరి నాకెందుకు మందు రాయరు? ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు, ఎవరిని నమ్మాలి? బరువులెత్తితే లోపల పగిలిపోతుందా? రేపు మా అమ్మాయికి కూడా వస్తుందా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సంతకం పెట్టేశాక అడుగున ఇంకో రెండు వాక్యాలున్నాయి. "ఇంకోటి, పెద్ద విషయం కాదనుకోండి. గల్లాపెట్టె దగ్గర కూర్చుని తల తిప్పకుండా ఎడంపక్క అరలోకి చూస్తే ఎడం కన్ను చీకటైపోతంది, తిన్నగా చూస్తే మళ్ళీ వెలుగొస్తంది. వయసు కదా, అనుకుంటన్నాను."

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరాన్ని నేను చివరి నుంచి మొదలుపెడతాను. మిగతా ఆరు పేజీల కన్నా ఆ రెండు వాక్యాలే ముఖ్యం. అది వయసు వల్ల వచ్చేది కాదు. కన్ను ఒక పక్కకి తిరిగినప్పుడు వెనక ఉన్న చూపు నరం కూడా కొంచెం కదులుతుంది. దాని పక్కన గడ్డ ఉంటే ఆ కదలికలో నరం నొక్కుకుపోయి, దానికి అందే రక్తం ఆ కాసేపూ తగ్గుతుంది. చూపు తిన్నగా పెట్టగానే నొక్కుడు వదులుతుంది, వెలుగు తిరిగొస్తుంది. కంటి వెనక గడ్డలున్నవాళ్ళలో మేము వెతికే గుర్తుల్లో ఇదొకటి. ఈ మాట మీరు విశాఖలో చెప్పలేదు, భువనేశ్వర్‌లోనూ చెప్పలేదు. వాళ్ళు అడిగి ఉండాల్సింది, నిజమే. కానీ అయిదు నిమిషాల చూపులో అందరికీ అన్నీ అడగడం కుదరదు.

నేను ముందే చెప్పేస్తాను, నేను కంటి డాక్టర్నే గాని కంటిగూటి సర్జన్ని కాను. శుక్లాలు తీసి తీసి రిటైరయినవాణ్ణి. మీ కన్ను నేను చూడలేదు. కాబట్టి ఆపరేషన్ చేయించుకోండనో వద్దనో నా నోటి నుంచి రాదు. మీ చేతిలో ఏయే దారులున్నాయో, ఏది పడితే ఏమవుతుందో మాత్రం విప్పి చెబుతాను.

ముందు ఆ గడ్డ సంగతి. కనుగుడ్డు ఒక ఎముకల గూట్లో కూర్చుని ఉంటుంది. ఆ గూటిలో మొత్తం పట్టే చోటు సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. అందులోనే గుడ్డు, దాన్ని తిప్పే కండరాలు, నరాలు, కొవ్వు అన్నీ సర్దుకోవాలి. గూటికి చుట్టూ ఎముకే, తెరిచి ఉండేది ముందువైపు ఒక్కటే. అందుకే వెనక ఏది పెరిగినా కన్ను ముందుకు రావడం తప్ప వేరే దారి లేదు. మీ రెండు కళ్ళకూ ఇప్పుడు అయిదు మిల్లీమీటర్ల తేడా ఉంది. రెండు మిల్లీమీటర్లు దాటితేనే మేము వెనక ఏముందా అని చూస్తాం.

కావెర్న్ అంటే గుహ. ఆ గడ్డను కోసి చూస్తే స్పంజిలా గదులు గదులుగా ఉండి, ప్రతి గదిలోనూ రక్తం నిలవ ఉంటుంది. రక్తం అందులోకి చాలా నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగా పోతుంది. ఎమ్మారై తీసేటప్పుడు చేతికి మందు ఎక్కించారు కదా, ఆ మందు గడ్డలో ముందు ఒక మూల చుక్కలా కనబడి, తర్వాత నిదానంగా అంతా పరుచుకుంటుంది. దాన్ని బట్టే చాలావరకు పేరు చెప్పేస్తారు, సూది గుచ్చి ముక్క తీయాల్సిన పని ఉండదు. పెద్దవాళ్ళలో కంటిగూట్లో వచ్చే రక్తనాళాల గడ్డల్లో ఎక్కువగా కనబడేది ఇదే. 40, 50 ఏళ్ళ మధ్య, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. ఈ మధ్య వైద్యులు దీన్ని ట్యూమర్ అనడం కూడా మానేస్తున్నారు. అమరిక తప్పిన సిరల ముద్ద అంటున్నారు. ఇది కేన్సరుగా మారదు, ఇంకో అవయవానికి పాకదు. మీ తమ్ముడు చెప్పినట్టు కత్తి పెడితే రేగే రకం కాదు. చుట్టూ పొర ఉంటుంది, పూర్తిగా తీసేస్తే మళ్ళీ రావడం చాలా అరుదు. బరువులెత్తితే పగిలిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు, అందులో రక్తపు ఒత్తిడి తక్కువ. బియ్యం బస్తా ఎత్తడం మానేస్తారా అంటే నడుము కోసం మానండి, కంటి కోసం కాదు. వంగినప్పుడు, ముక్కినప్పుడు ఉబ్బే రకం ఒకటి వేరే ఉంది, సిరలు ఉబ్బి సంచుల్లా అయ్యేది. మీకు వంగితే కన్ను ఉబ్బుతోందని ఎక్కడా రాయలేదు కాబట్టి దాని గురించి ఆలోచించకండి. మీ అమ్మాయికి వస్తుందా అని అడిగారు. ఇలా ఒంటరిగా ఒక్క గడ్డ వచ్చే రకం తల్లి నుంచి పిల్లకు దిగేది కాదు.

కళ్ళద్దాల మాట చదివినప్పుడు నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిపంతులు గారికి ఏడాదిన్నరలో మూడుసార్లు ఒకే కంటికి ప్లస్ నంబరు పెంచి చీటీ రాసి పంపాను. నలభై దాటాక ప్లస్ పెరగడం మామూలే కదా అనుకున్నాను. మామూలుగా పెరిగితే రెండు కళ్ళకూ పెరగాలి, దగ్గరి చూపుకు పెరగాలి. ఆయనకు ఒక్క కంటికే, దూరపు చూపుకు పెరిగింది. నాలుగోసారి ఆయన వేరే చోటికి వెళ్ళారు, అక్కడ వెనక గడ్డ పట్టుకున్నారు. వెనక నుంచి గడ్డ నొక్కితే గుడ్డు చదునవుతుంది. గుడ్డు పొడవు ఒక్క మిల్లీమీటరు తగ్గితే నంబరు మూడు దాకా ప్లస్ వైపు జరుగుతుంది. మీది రెండేళ్ళలో 1.75 జరిగింది. అంటే అరమిల్లీమీటరుకు కొంచెం పైన అన్నమాట. పాత అద్దాల చీటీలు పారేయకండి, అవి మీ గడ్డ రాసుకున్న డైరీ.

ఇక ఇద్దరు డాక్టర్లు, రెండు మాటలు. నాకైతే అవి రెండు మాటలుగా కనబడలేదు. విశాఖ డాక్టరు ఎనిమిది నెలల కిందటి కన్ను చూశారు. అప్పుడు చూపు 6/6, అంటే పూర్తిగా బాగున్నట్టు, కన్ను మూడు మిల్లీమీటర్లే ముందుకుంది. చాలా గడ్డలు ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉండిపోతాయి, కొన్ని చిన్నబడ్డవీ ఉన్నాయి. ఇబ్బంది పెట్టని గడ్డ మీద కత్తి పెట్టకపోవడం మంచి వైద్యమే. అయితే ఆయన "వదిలెయ్యండి" అనలేదు, "ఆర్నెల్లకోసారి రండి" అన్నారు. మీ ఇంట్లో ఆ రెండో సగం రాలిపోయింది. భువనేశ్వర్ డాక్టరు చూసింది వేరే కన్ను. అయిదు మిల్లీమీటర్ల తేడా, రంగుల పేజీల్లో రెండు తప్పులు. అక్షరాల పట్టికలో చూపు బాగానే ఉన్నా, నరం నొక్కుకుపోతుంటే ముందు రంగులే వెలవెలబోతాయి, అందులోనూ ఎరుపు. మీరే ఇంట్లో చూసుకోండి. కుంకుమ భరిణె మూత తీసి కిటికీ దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి ఒక కంటితో చూడండి. ఎడమ కంటికి కుంకుమ ఇటుకపొడిలా, వెలిసిపోయినట్టు కనబడితే ఆ సంగతి కాగితం మీద రాసి డాక్టరుకు చెప్పండి. దీన్ని బట్టి మీరే తీర్పు ఇచ్చుకోవద్దు.

మర్నాడు రమ్మన్న పరీక్ష బహుశా ఫీల్డ్ టెస్ట్ అయి ఉంటుంది. గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, పక్కల్లో చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. నరంలో ఏ భాగం దెబ్బతిందో ఆ మేరకు చూపులో నల్ల మచ్చ పడుతుంది. మనకు రెండు కళ్ళు ఉండటం వల్ల ఆ మచ్చ మనకు తెలియదు, ఒక కన్ను రెండో దాని లోటు కప్పేస్తుంది. మీ విషయంలో తక్కెడ ఎటు మొగ్గాలో చెప్పేది ఈ పరీక్షే. దీంతోపాటు కంటి లోపల వెనకవైపున్న నరపు పొర మందం కొలిచే ఓసీటీ స్కాన్ కూడా అడగండి. అది నొప్పి లేనిది, అయిదు నిమిషాల పని.

ఇప్పుడు దారులు.

మొదటిది, ఏమీ చెయ్యకుండా చూస్తూ ఉండటం. గల్లాపెట్టె దగ్గర చీకటి మాట లేకపోతే నేను దీన్ని బలంగానే చెప్పేవాణ్ణి. ఆ మాట ఉంది కాబట్టి, ఒట్టిగా చూస్తూ ఉండటం ఇక మీకు సరిపడదనే నా అభిప్రాయం. నరం మీద నొక్కుడు మరీ ఆలస్యం కాకుండా తీసేస్తే చూపు, రంగులు తిరిగి కోలుకుంటాయి. కానీ నరం ఎండిపోయి తెల్లబడ్డాక గడ్డ తీసినా పోయిన చూపు రాదు. ఆ గీత ఎక్కడుందో ముందే ఎవరూ చెప్పలేరు. ఆ చెప్పలేకపోవడమే నాకు భయం. దారి ఇదే అని మీరు నిర్ణయించుకుంటే మాత్రం ఆర్నెల్లు కాదు, నెలకోసారి కంటి పరీక్ష, మూడు నెలలకు ఒకసారి ఫీల్డ్ టెస్ట్ అన్నట్టు ఉండాలి. అంతసార్లు కొట్టు మూసి తిరగగలరా అన్నది మీరు ఆలోచించుకోవాలి.

రెండోది, ఇప్పుడే ఆపరేషన్. మీ గడ్డ నరానికి బయటివైపున ఉందని రిపోర్టు చెబుతోంది, అది అదృష్టమే. లోపలివైపున, ముక్కు పక్కగా ఉంటే ముక్కులోంచి ఎండోస్కోపుతో వెళ్ళాల్సి రావచ్చు. గూటి చివర, నరాలన్నీ ఇరుక్కున్న కొసలో ఉంటే కత్తి కన్నా కిరణాల వైద్యం మేలంటారు. బయటివైపు ఉన్నదానికి సర్జన్లకు బాగా తెలిసిన దారి ఉంది. కంటి బయటి మూల దగ్గర చిన్న కోత పెట్టి, అక్కడి ఎముక ముక్కను జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, గడ్డను బయటికి తెచ్చాక ఎముకను మళ్ళీ ప్లేటు వేసి బిగిస్తారు. 1888లో క్రోన్‌లైన్ అనే వైద్యుడు చూపించిన దారి ఇది, అప్పటినుంచి పనిముట్లు మారాయి గాని దారి అదే. కొన్నిసార్లు ఎముక జోలికి పోకుండా, కంటి తెల్లపొరలోంచే లోపలికి వెళ్ళి, చల్లని కొస ఉన్న పరికరాన్ని గడ్డకు ఆనించి, ఆ చలికి దానికి అతుక్కున్న గడ్డను మెల్లగా లాగుతారు. పండిన పనసకాయలోంచి తొన ఊడివచ్చినట్టు రావాలి. వచ్చే గడ్డ సాధారణంగా అలాగే వస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే పనసలో జిగురు ఉన్నట్టే, ఒక్కోసారి గడ్డ పొర నరానికో సన్నని రక్తనాళానికో అతుక్కుని ఉంటుంది.

"రిస్కు" అన్న మాట అక్కణ్ణుంచి వచ్చింది. దాన్ని విప్పితే ఇలా ఉంటుంది. కంటికి రక్తం తెచ్చే నాళం దెబ్బతిని చూపు పోవడం, ఇది అరుదు కాని అన్నిటికన్నా పెద్దది. కొన్ని వారాలు రెండు బొమ్మలు కనబడటం, ఇది తరచుగా జరిగేదే, చాలామందిలో తగ్గిపోతుంది, కొందరిలో మిగులుతుంది. రెప్ప కొంచెం వాలడం, నల్లగుడ్డు మధ్య పాప పెద్దదిగా ఉండిపోవడం, కణత దగ్గర తిమ్మిరి. ఆపరేషన్ అయిన మొదటి రోజు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. కట్టు లోపల భరించలేని నొప్పి, కన్ను ఉబ్బుకొస్తున్నట్టు ఉండటం, చూపు మసకబారడం, ఇందులో ఏదొచ్చినా తెల్లారేదాకా ఓర్చుకోవద్దు. ఆ నిమిషమే నర్సును పిలవాలి. లోపల రక్తం చేరితే గడియారం నిమిషాల్లో నడుస్తుంది. మీ దగ్గర రాత్రి కూర్చునేవాళ్ళకు ఇది ముందే చెప్పండి. మీ ఆయనకు కాదు, నిద్రపోయే రకం అని మీరే రాశారు. మీ ఆడపడుచుకు చెప్పండి.

మూడోది, పెళ్ళయ్యాక చేయించుకోవడం. మీ అత్తగారు దీనివైపే మొగ్గుతున్నట్టున్నారు. నేను తిరగేసి అడుగుతాను. ఈ నెలలోనే ఆపరేషన్ అయితే కుట్లు వారం పది రోజుల్లో తీస్తారు, కమిలిన నలుపు, వాపు రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. రెండు బొమ్మలు కనబడినా నాలుగు నెలలనాటికి చాలావరకు సర్దుకుంటాయి. పెళ్ళినాటికి కన్ను గూట్లోకి వెనక్కి వెళ్ళి ఉంటుంది. పెళ్ళి దాకా ఆగితే పనులు, ప్రయాణాలు, పురుళ్ళూ పుణ్యాలూ అంటూ అది ఎప్పటికి జరిగేది? అయినా ఈ దారిని నేను పూర్తిగా కొట్టెయ్యను. ఫీల్డ్ టెస్ట్ బాగుండి, ఓసీటీలో పొర తగ్గకపోతే, నాలుగు నెలలు ఆగుదాం, నెలనెలా చూద్దాం అనే సర్జన్లు ఉంటారు. ఆ మాట డాక్టరు నోటి నుంచి రావాలి గాని మనం ఇంట్లో కూర్చుని అనుకోకూడదు. ఫీల్డ్‌లో నల్ల మచ్చ కనబడితే మాత్రం ముహూర్తం దాకా ఆగొద్దు. ఇంకొక్క మాట, పెళ్ళిరోజు కోసమని నెలసరి వాయిదా మాత్రలు వేసుకునే అలవాటు మన ఇళ్ళలో ఉంది. గర్భంతో ఉన్నప్పుడు ఈ గడ్డలు పెరిగిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి, హార్మోన్ మాత్ర ఏదైనా మీ కంటి డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు.

ఎదురింటి పాప సిరప్ గురించి. ఆ పాపదీ మీదీ పేరు ఒక్కటే, జాతి వేరు. పసిపిల్లలకు వచ్చే ఎర్ర గడ్డ పుట్టిన కొన్ని వారాలకు కనబడి, కొన్ని నెలలు జోరుగా పెరిగి, తర్వాత ఏళ్ళ మీద దానంతటదే కరుగుతుంది. రెప్ప మీద వస్తే కంటికి అడ్డం పడటమో గుడ్డును నొక్కడమో చేసి, ఆ కంటికి చూడటం అలవాటు కాకుండా పోతుంది, అందుకే ఆగకుండా వైద్యం చేస్తారు. ఫ్రాన్సులోని బోర్డోలో ఒక బిడ్డకు గుండె ఇబ్బంది కోసం ప్రొప్రనలాల్ అనే మందు ఇస్తే, ముఖం మీది గడ్డ కూడా చిన్నబడటం డాక్టర్లు గమనించి 2008లో ప్రకటించారు. అంతకుముందు స్టెరాయిడ్లు వాడేవారు. ఇప్పుడు ప్రపంచమంతా పసిపిల్లలకు ముందు ఇచ్చేది ఈ మందే. పెరిగే రక్తనాళాల కణాలు ఉన్నచోట అది పనిచేస్తుంది. మీ గడ్డలో పెరిగే కణాల జోరు లేదు, ఉన్నది నిలవ రక్తపు గదులు. అందుకని ఆ సిరప్ తాగినా మీకు గడ్డ తగ్గదు, గుండె కొట్టుకోవడం మాత్రం నెమ్మదిస్తుంది. ఆ పాప తల్లికి మాత్రం ఒకటి చెప్పండి, పాలు పట్టకుండా ఆ మందు వెయ్యకూడదు, చక్కెర పడిపోతుంది.

పసరు చుక్కలు వద్దు. గడ్డ గుడ్డు వెనక ఉంది, చుక్కలు గుడ్డు ముందు పడతాయి. నల్లగుడ్డు మీద పుండు పడి వచ్చిన మనుషులను నేను చాలామందిని చూశాను. మీ అత్తగారు రాయగడ వెళ్ళి మజ్జిగౌరమ్మకు చీర పెడతానని మొక్కుకున్నారట, అది మానమని నేను ఎప్పుడూ చెప్పను. ఆపరేషన్‌కు ముందు పెట్టినా తర్వాత పెట్టినా ఆ తల్లి ఏమీ అనుకోదు.

దాచడం గురించి రెండు మాటలు. అత్తగారి భయం అర్థమవుతోంది. "కంట్లో గడ్డ" అన్న మాట ఊరు దాటేసరికి "కేన్సర్" అయిపోతుంది, ఇంకో ఊరు దాటేసరికి "వాళ్ళింట్లో అందరికీ ఉందట" అవుతుంది. కానీ కన్ను అయిదు మిల్లీమీటర్లు ముందుకొచ్చింది, వియ్యాలవారు ఫొటోలు చూశారు. వాళ్ళు అడగలేదంటే గమనించలేదని కాదు. నేనైతే అబ్బాయి తల్లితో మీరే ఒక్కసారి కూర్చుని, "వదినగారూ, కంటి వెనక రక్తనాళాల ముద్ద ఉంది, కేన్సర్ కాదు, పిల్లలకు వచ్చేది కాదు, ఆపరేషన్ చేయించుకుంటున్నాను" అని చెప్పడం నయమనుకుంటాను. చెబితే కొంచెం ఇబ్బంది పడతారు. చెప్పకపోతే పెళ్ళయ్యాక ఎవరో చెబుతారు, అప్పుడు మీ అమ్మాయి ఆ ఇంట్లో దానికి జవాబు చెప్పుకోవాలి. ఏది చేసినా ముందు మీ అమ్మాయికి పూర్తిగా చెప్పండి. ఉత్తరంలో అందరి అభిప్రాయాలూ రాశారు, ఆ పిల్ల ఏమందో రాయలేదు.

డబ్బు విషయం. మీ తమ్ముడు విశాఖలో తన రేషన్ కార్డులో మీ పేరు చేర్పించి ఆంధ్రా ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ) చేయిస్తానన్నాడట. మంచి మనసుతోనే అన్నాడు కాని అది తప్పుడు కాగితం, మధ్యలో పట్టుబడితే ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళి వెనక్కి రావాలి. మీరు ఒడిశావాళ్ళు, మీకు 2025లో మొదలైన ఆయుష్మాన్–గోపబంధు కార్డు ఉండాలి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకు దాని మీద ఇంకో 5 లక్షలు. ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆసుపత్రులు రాష్ట్రం బయట ఉన్నా ఆ కార్డు చెల్లుతుంది. చేరకముందే ఆసుపత్రిలో ఆయుష్మాన్ కౌంటరు దగ్గర కంటిగూటి గడ్డ ఆపరేషన్ తమ ప్యాకేజీలో ఉందో లేదో కాగితం మీద అడగండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, కంటిగూటి పని తెలిసిన సర్జన్ ఉండాలి. వాళ్ళను ఓక్యులోప్లాస్టీ డాక్టర్లంటారు. శుక్లాల డాక్టరు దగ్గర ఇది చేయించుకోవద్దు, నాలాంటివాడి దగ్గర అసలే వద్దు. ఆ విభాగాలున్న పెద్ద కంటి ఆసుపత్రులు విశాఖలోనూ ఉన్నాయి, భువనేశ్వర్‌లోనూ ఉన్నాయి. విశాఖలో మీకో మేలుంది, మాట. గిడుగువారు వాడుకభాష కోసం పోరాడిన పర్లాకిమిడి మీకు ఎంతో దూరం లేదు, అయినా మన రిపోర్టులు ఇంకా మనకు అర్థం కాని భాషలోనే వస్తున్నాయి. కనీసం డాక్టరు నోటి మాటైనా మీ భాషలో వినగలిగితే ప్రశ్నలు అడగగలరు. "ఇలాంటివి మీరెన్ని చేశారు? ఏ వైపు నుంచి వెళ్తారు? నా కంటికి ఏది పోయే అవకాశం ఎక్కువ?" ఈ మూడూ అడగండి. మంచి సర్జన్‌కు కోపం రాదు. తీసిన గడ్డను పరీక్షకు పంపమని కూడా చెప్పండి. స్కాన్‌లో ఇలాగే కనబడే వేరే గడ్డలు కొన్ని ఉన్నాయి, పేరు ఖాయమయ్యేది సూక్ష్మదర్శిని కింద చూశాకే. మీ ప్రాంతంలో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు, ఉన్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి, మీకు ఎప్పుడూ ఆ పరీక్ష కాకపోతే మత్తు ఇచ్చేలోగా చేయించుకోండి.

ఈ వారంలోనే గుణుపురం పాసింజరు ఎక్కండి, పది రోజులు దాటనివ్వద్దు. ఒకవేళ ఆలోగా తిన్నగా చూసినా చీకటి వదలకపోతే, లేదా నొప్పితో చూపు ఒక్కసారిగా తగ్గితే, వారం కాదు, ఆ రోజే బయల్దేరండి. పాత అద్దాల చీటీలు మూడూ, ఎమ్మారై సీడీ, సంక్రాంతి ఫొటో, అంతకు అయిదారేళ్ళ ముందటి ఫొటో ఒకటి సంచిలో పెట్టుకోండి. కొట్టు రెండు రోజులు మీ ఆడపడుచు చూసుకుంటుంది. డాక్టరు గదిలో కుర్చీలో కూర్చున్నాక, "ఏమ్మా, ఏంటి ఇబ్బంది?" అని అడగ్గానే గడ్డ అనీ ట్యూమర్ అనీ మొదలుపెట్టకండి. "ఎడంపక్కకు చూస్తే ఎడం కన్ను చీకటైపోతంది" అని చెప్పండి. మిగతాది ఆయన అడుగుతారు.